పాత సైకిల్ బీబీ: గుర్తింపు నుంచి బిగింపు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పాత సైకిళ్లను బాగుచేయించుకుని తొక్కే మన తెలుగువాళ్లు పంపే సందేహాలు చాలావరకు బీబీ, అంటే బాటమ్ బ్రాకెట్ దగ్గరే మొదలవుతాయి. ఫ్రేము అడుగున రెండు పెడళ్ల మధ్య ఉండే ఆ చిన్న గొట్టంలో ఏముందో విప్పితే గాని తెలియదు, విప్పాక సగంలో ఆపి లేచిపోవడమూ కుదరదు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటిని పని జరిగే వరసలో ఇక్కడ కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇందులో ఎక్కువ భాగం కాటర్ పిన్ను క్రాంకులున్న (క్రాంకు అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) పాత రోడ్‌స్టర్లకు, అంటే మన ఇళ్లలో తాతల కాలం నుంచి ఉన్న నల్ల సైకిళ్లకు సంబంధించినది.

## మొదటి దశ: గుర్తించడం

బీబీ అంటే ఏయే భాగాలు?

ఫ్రేములో భాగంగా ఉండే అడ్డ గొట్టం షెల్లు. దానిలో అటు నుంచి ఇటు దూరి ఉండేది ఇరుసు. దుకాణంలో దాన్ని బీబీ యాక్సిల్ అంటారు. చైన్ వీల్ ఉన్న కుడి పక్కన కదలకుండా బిగిసి ఉండేది ఫిక్స్‌డ్ కప్పు, ఎడమ పక్కన సర్దుబాటు చేసుకోవడానికి ఉండేది అడ్జస్టబుల్ కప్పు, ఆ ఎడమ కప్పు కదలకుండా పట్టేది లాక్ రింగు. కప్పులకూ ఇరుసుకూ మధ్య బాల్సు తిరుగుతాయి. క్రాంకులను ఇరుసుకు పట్టి ఉంచేవి కాటర్ పిన్నులు.

మా తాతగారి సైకిల్ మీద బీఎస్ఏ అని ఉంది. బీఎస్ఏ బీబీ సామాను అడిగితే సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. బీఎస్ఏ పేరుతో వచ్చిన సైకిళ్లు ఒకే చోట తయారైనవి కావు. మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ కంపెనీ స్వయంగా వాటిని తయారుచేసింది. 1957లో ఆ కంపెనీ తన సైకిల్ వ్యాపారాన్ని నాటింగ్‌హామ్‌లోని రాలీకి అమ్మేసింది. ఇక మన దగ్గర, 1949లో మద్రాసులో ఏర్పడిన టీఐ సైకిల్స్ ఆఫ్ ఇండియా అంబత్తూరు కర్మాగారం నుంచి బీఎస్ఏ, హెర్క్యులెస్, ఫిలిప్స్ పేర్లతో సైకిళ్లను తెచ్చింది. కాబట్టి ముందు గొట్టం మీది బిళ్ల ఒకటే అయినా, దాని కింద ఉన్న ఫ్రేము మూడు వేర్వేరు చోట్లలో ఎక్కడిదైనా కావచ్చు. రాలీ కర్మాగారం తన ఫ్రేములకు మిగతా బ్రిటిష్ తయారీదారులు వాడని సొంత మర కొలతను చాలాకాలం వాడింది కాబట్టి ఈ తేడా కాగితం మీద మాత్రమే ఉండేది కాదు. యాభై ఏళ్లలో ఆ సైకిల్ ఎందరు మెకానిక్కుల చేతుల్లో పడిందో, ఎవరు ఏ కప్పు మార్చారో కూడా మనకు తెలియదు. బిళ్లను చూసి సామాను కొనవద్దు, కప్పును కొలిచి కొనండి.

విప్పకుండానే నా బీబీ ఏ రకమో చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. క్రాంకు మొదట్లో, ఇరుసుకు అడ్డంగా ఒక పిన్నూ దాని చివర చిన్న నట్టూ కనిపిస్తే అది కాటర్ రకం. క్రాంకు మధ్యలో ఇరుసు చివరకు నేరుగా బోల్టు లేదా నట్టు ఉంటే చదరపు ఇరుసు రకం. కుడి పెడల్ నుంచి ఎడమ పెడల్ దాకా ఒకే ఇనుప కడ్డీ వంగి వెళ్లినట్టు ఉంటే, అది అమెరికన్ పద్ధతి ఏక క్రాంకు. దాని షెల్లు చాలా వెడల్పైన బోలు గొట్టం, లోపల మర ఉండదు. ఇక ఎడమ పక్క లాక్ రింగు, దాని నడుమ పిన్ను స్పానర్ కోసం చిన్న రంధ్రాలున్న కప్పు కనిపిస్తే అది మర ఉన్న మామూలు షెల్లు.

ఆ తరువాత షెల్లు వెడల్పు చూడండి. కప్పుల అంచులను వదిలేసి, ఫ్రేము గొట్టాన్ని మాత్రమే వెర్నియర్‌తో కొలవాలి. 68 మి.మీ. వస్తే మామూలు బ్రిటిష్ కొలత అయ్యే అవకాశం ఎక్కువ. 71 లేదా 76 మి.మీ. వస్తే రాలీ కొలత అని అనుమానించాలి. 70 మి.మీ. ఇటాలియన్ ఫ్రేముల కొలత. పెయింటు మందం వల్ల అర మిల్లీమీటరు అటూ ఇటూ రావడం మామూలే.

24 చుట్ల మరకీ 26 చుట్ల మరకీ తేడా కంటికి కనిపించదు కదా, ఎలా పట్టుకోవాలి?

కనిపిస్తుంది, కాకపోతే చూసే పద్ధతి తెలియాలి. మామూలు బ్రిటిష్ బీబీ మర వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. రాలీ సొంత మర వ్యాసం 1 3/8 అంగుళాలు, అంగుళానికి 26 చుట్లు. వ్యాసాల్లో తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మాత్రమే కాబట్టి, అరిగిన కప్పు మీద వెర్నియర్ పెట్టి దాన్ని తేల్చలేరు. చుట్లే లెక్కపెట్టాలి. ఎడమ కప్పుకు మర పొడవు ఎక్కువగా ఉంటుంది కాబట్టి దాన్నే తీసుకోండి. కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మరలోని మట్టి పూర్తిగా పోయేదాకా తోమి, పక్కనే స్కేలు పెట్టి ఫోనుతో దగ్గరగా ఫోటో తీయండి. ఫోటోను పెద్దది చేసి అర అంగుళంలో ఎన్ని గాళ్లున్నాయో లెక్కపెడితే 12 లేదా 13 వస్తుంది. 12 అయితే 24 చుట్ల మర, 13 అయితే 26 చుట్ల మర.

దీనికన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. 24 చుట్ల మర అని ఖాయంగా తెలిసిన కొత్త కప్పు ఒకటి దగ్గర పెట్టుకుని, దాన్నీ మీ పాత కప్పునూ మరకు మర ఆనేలా పక్కపక్కన పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. రెండూ ఒకటే అయితే పళ్లు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, వెలుగు సన్నటి గీతగా కూడా రాదు. వేరైతే ఒక చివర కూర్చున్న పళ్లు పోను పోను తప్పుకుంటూ అవతలి చివర పన్ను మీద పన్ను ఎక్కి, ఆ సందులోంచి వెలుగు కనిపిస్తుంది. దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేయగల పరీక్ష ఇది.

ఇటాలియన్, ఫ్రెంచ్ మరల గురించి కూడా తెలుసుకోవాలా?

రోడ్‌స్టర్ ఉన్నవాళ్లకు అక్కరలేదు. విదేశాల నుంచి తెచ్చిన పాత రేసింగ్ సైకిల్ ఉంటే మాత్రం తెలియాలి. ఇటాలియన్ మర 36 మి.మీ. వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, రెండు పక్కలా కుడి మర, అంటే సవ్యదిశలో తిప్పితే బిగిసే మామూలు మర. ఫ్రెంచ్ మర 35 మి.మీ. వ్యాసం, చుట్టుకు చుట్టుకు మధ్య 1 మి.మీ., ఇదీ రెండు పక్కలా కుడి మరే. స్విస్ మరకు ఫ్రెంచ్ కొలతలే కానీ కుడి కప్పుకు ఎడమ మర ఉంటుంది.

## రెండో దశ: విప్పడం

కాటర్ పిన్ను ఎంత కొట్టినా రావడం లేదు. ఏం చేయాలి?

ఎంత కొట్టారన్న దానికన్నా, కింద ఏ ఆధారం పెట్టి కొట్టారన్నది ముఖ్యం. క్రాంకు గాలిలో వేలాడుతుండగా కొడితే దెబ్బ బలమంతా ఇరుసు ద్వారా బాల్సుకూ కప్పులకూ వెళ్లి అక్కడ గుంటలు పడతాయి, పిన్ను మాత్రం కదలదు. పిన్ను తల దూరేంత బోలు ఉన్న దళసరి ఇనుప గొట్టం ముక్కను క్రాంకు కింద, పిన్ను తల చుట్టూ ఆనేలా నిలబెట్టి, దాని అడుగు సిమెంటు నేల మీదో రాతి మీదో గట్టిగా ఆనేలా చూసుకోండి. నట్టును పూర్తిగా తీయకుండా, దాని పై అంచు పిన్ను చివరతో సమంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేయండి; అప్పుడు దెబ్బకు మర నలిగిపోదు. చిన్న సుత్తితో పది సార్లు తట్టడం కన్నా బరువైన సుత్తితో ఒక్క సూటి దెబ్బ వేయడం మేలు.

దానికీ లొంగకపోతే తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. సముద్రం దగ్గరి ఇళ్లలో, వరండాలో ఏళ్ల తరబడి నిలబడిపోయిన సైకిళ్లకు ఒక రాత్రి చాలదు. రెండు మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం నూనె వేయాల్సి ఉంటుంది. పిన్ను వంగిపోయి ఉంటే ఇంక కొట్టవద్దు. వంగిన భాగాన్ని కోసేసి, మిగిలినదాన్ని డ్రిల్లుతో తొలిపించడమే మార్గం. ఆ పని వైసూ డ్రిల్లు స్టాండూ ఉన్న లేతు దుకాణంలో చేయించండి. పిన్ను పోతే మరొకటి కొనుక్కోవచ్చు గాని క్రాంకు రంధ్రం పాడైతే క్రాంకే పోతుంది.

కుడి కప్పు ఎటు తిప్పితే వదులవుతుంది? మెకానిక్ ఎంత బలంగా తిప్పినా కదల్లేదు.

బ్రిటిష్, రాలీ కొలతల్లో కుడి కప్పుకు ఎడమ మర ఉంటుంది. సైకిల్‌ను కుడి పక్క నుంచి చూస్తూ గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే అది వదులవుతుంది. మామూలు నట్టు అనుకుని అటు తిప్పాల్సినదాన్ని ఇటు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఇలా పెట్టడానికి కారణం ఉంది. ఇరుసు ఒక వైపు తిరుగుతున్నప్పుడు బరువు మోసే బాల్సు కప్పును మెల్లమెల్లగా దానికి ఎదురు దిక్కున నెడుతూ ఉంటాయి. కుడి పక్కన మామూలు మర పెడితే ఆ నెట్టుడుకే కప్పు వదులైపోతుంది. రెండు పక్కలా కుడి మరే ఉన్న ఇటాలియన్ ఫ్రేముల్లో కుడి కప్పు తరచూ వదులవుతుందన్న ఫిర్యాదు ఇందువల్లనే.

స్పానర్ జారిపోతుంటే ఒక ఉపాయం ఉంది. కప్పు మధ్య రంధ్రంలో పట్టేంత దళసరి బోల్టు, నట్టు, రంధ్రం కన్నా వెడల్పైన రెండు వాషర్లు తీసుకోండి. బోల్టును బయటి నుంచి దూర్చి, లోపల వాషరూ నట్టూ వేసి, ఎడమ పక్క నుంచి పొడవైన సాకెట్‌తో నట్టును పట్టుకుని బోల్టు తలను సవ్యదిశలో బిగించండి. వాషర్ల మధ్య కప్పు నలిగినట్టు గట్టిగా పట్టుబడ్డాక నట్టును వదిలేసి బోల్టు తలను ఇంకా అదే దిక్కున తిప్పితే, తిరగడానికి ఇంకేమీ మిగలదు కాబట్టి కప్పే తిరిగి బయటకు వస్తుంది. ఇది ఎడమ మర ఉన్న కప్పులకే పనికొస్తుంది.

కుడి కప్పును అసలు విప్పాల్సిన అవసరం ఉందా?

సర్వీసు మాత్రమే అయితే అవసరం లేదు. ఎడమ కప్పు తీసి, ఇరుసూ బాల్సూ బయటకు లాగి, గుడ్డతో లోపల తుడిచి, టార్చి వేసి కుడి కప్పు లోపలి దారిని చూడండి. నున్నగా ఉంటే దాన్ని కదిలించవద్దు. గుంటలు కనిపిస్తేనో, మర కొలత తెలుసుకోవడానికి వేరే దారి లేకపోతేనో విప్పండి.

## మూడో దశ: పరీక్షించడం, కొనడం

ఇరుసు ఇంకా పనికొస్తుందో లేదో ఎలా చెప్పాలి?

ఇరుసు మీద బాల్సు తిరిగే రెండు దారులుంటాయి. వాటిని కిరోసిన్‌తో కడిగి, పాత బనియన్ గుడ్డతో ఆరదుడిచి, ఎండలోకి తెచ్చి మెల్లగా తిప్పుతూ చూడండి. ఆరోగ్యంగా ఉన్న దారి చుట్టూ ఒకే వెడల్పులో బూడిదరంగు మెరుపు పట్టీ ఉంటుంది. అరుగుదల మొదలైతే ఆ పట్టీ ఒక పక్క వెడల్పుగా, మరో పక్క సన్నగా కనిపిస్తుంది. అది ఇంకా నడుస్తుంది. పైపొర లేచిపోతే ఆవగింజంత నల్లటి గుంటలు, వాటి అంచులు వాడిగా కనిపిస్తాయి. కంటికి అనుమానంగా ఉంటే గోరు పెట్టి దారి వెంట జరపండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడే బాల్సు కూడా తట్టుకుంటాయి. అలాంటి ఇరుసును మార్చాల్సిందే, ఎంత గ్రీజు పెట్టినా దానికి మందు లేదు.

చివర్లలో పిన్ను కూర్చునే చదును గాడిని కూడా చూడండి. దాని అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటే కొత్త పిన్ను వేసినా త్వరగా వదులవుతుంది.

బాల్సు ఎన్ని, ఏ సైజు? కేజీతో, అంటే బాల్సును పట్టి ఉంచే రేకు చట్రంతో వచ్చేవి వాడవచ్చా?

బీబీకి 1/4 అంగుళం బాల్సు, పక్కకు 11 చొప్పున మొత్తం 22 కావాలి. పదకొండు పేర్చాక కాస్త ఖాళీ మిగులుతుంది, అది ఉండాల్సిందే. ఆ ఖాళీలో పన్నెండోదాన్ని ఇరికించకూడదు. కేజీల్లో సాధారణంగా బాల్సు తక్కువగా ఉంటాయి కాబట్టి బరువు తక్కువ బాల్సు మీద పడుతుంది, పైగా చవక కేజీ విరిగితే ఆ రేకు ముక్కలు కప్పును గీకేస్తాయి. విడి బాల్సే నా ఎంపిక. పాతవాటిలో బాగున్నవి ఏరి కొత్తవాటితో కలపవద్దు. అరిగిన బాల్సు సన్నబడి ఉంటాయి, బరువంతా కొత్తవే మోయాల్సి వస్తుంది. బీబీలో అన్నిటికన్నా చవకైన సామాను ఇదే కాబట్టి విప్పిన ప్రతిసారీ మొత్తం మార్చేయండి.

కాటర్ పిన్నుల్లో కూడా సైజులుంటాయా?

ఉంటాయి. బ్రిటిష్ పద్ధతి సైకిళ్లకు 9.5 మి.మీ. పిన్ను, యూరపు సైకిళ్లలో చాలావాటికి 9 మి.మీ. పిన్ను. గుండ్రటి భాగాన్ని వెర్నియర్‌తో కొలవండి. 9.5 రంధ్రంలో 9 మి.మీ. పిన్ను కొట్టినప్పుడు గట్టిగానే కూర్చున్నట్టుంటుంది గాని నాలుగు రోజుల్లో ఊగడం మొదలవుతుంది. రెండు పిన్నుల ఏటవాలు ముఖం ఒకే కోణంలో ఉండాలి కాబట్టి ఎప్పుడూ జతగా, ఒకే పెట్టెలోవి కొనండి. మెత్తటి ఇనుముతో చేసినవాటిని పక్కన పెట్టడానికి దుకాణదారు సలహా అడగడంలో తప్పు లేదు. అవి సుత్తి దెబ్బకే తల విచ్చుకుంటాయి.

చెన్నైలో ఈ సామాను ఎక్కడ వెతకాలి?

మామూలు 24 చుట్ల కప్పులు, బాల్సు, కాటర్ పిన్నులు రోడ్‌స్టర్లు బాగుచేసే ఏ వీధి చివరి దుకాణంలోనైనా అడిగి చూడవచ్చు. గేర్ల సైకిళ్లు అమ్మే అద్దాల షోరూములకు వెళ్లడం దండగ. పాత సామాను కావాలంటే జార్జ్‌టౌన్, చాకలిపేట, చింతాద్రిపేట వైపు ఉన్న పాతకాలపు దుకాణాల్లో అడగండి. ఇనుప డబ్బాల అడుగున దశాబ్దాల నాటి కప్పులు కాగితం చుట్టి ఉండటం ఇప్పటికీ చూస్తాం. తమిళం రాదన్న బెంగ వద్దు. బీబీ కప్పు, యాక్సిల్, బాల్సు అంటే ఎక్కడైనా అర్థమవుతుంది. పాత సామాను చేతిలో పట్టుకుని వెళ్లండి, నోటి మాట మీద కొనవద్దు. పిన్ను తొలిపించడం, మర శుభ్రం చేయించడం లాంటివాటికి అంబత్తూరు, గిండీ పారిశ్రామిక వాడల లేతు పనివాళ్లు, పుదుపేట మోటారు సామాను వీధుల్లోని పనివాళ్లు ఉన్నారు.

రాలీ 26 చుట్ల కప్పు దొరకడం లేదు. 24 చుట్ల కప్పును నెమ్మదిగా ఎక్కించేయవచ్చా?

వద్దు. రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, అక్కడ పట్టేస్తుంది, అప్పుడు బలం పెడితే కప్పు మరతో పాటు ఫ్రేము మర కూడా కోసుకుపోతుంది. పాత కప్పు దారి నున్నగా ఉంటే అదే వాడి, ఇరుసూ బాల్సూ మాత్రమే మార్చుకోవడం మొదటి మార్గం. అది కుదరకపోతే, సరైన ట్యాపులు (మర కోసే పనిముట్లు) ఉన్న పనివాడితో షెల్లుకు 24 చుట్ల మర కొత్తగా కోయించవచ్చు. వ్యాసాలు దాదాపు ఒకటే కాబట్టి ఇది సాధ్యమవుతుంది. 71 మి.మీ. షెల్లు అయితే అంచులను 68కి తగ్గించాలా, లేక పొడవైన ఇరుసు వెతకాలా అన్నది ముందే తేల్చుకోండి. కుడి పక్కకు ఎడమ మర ట్యాపు కావాలన్న సంగతి పనివాడికి రాసి ఇవ్వండి.

కొత్త ఇరుసు కొనేటప్పుడు ఏ కొలతలు తీసుకెళ్లాలి?

మూడు కొలతలు: మొత్తం పొడవు, బాల్సు తిరిగే రెండు దారుల మధ్య దూరం, దారి నుంచి కుడి చివరి దాకా ఉన్న పొడవు. మొత్తం పొడవు సరిపోయినా దారుల మధ్య దూరం తక్కువైతే ఎడమ కప్పు షెల్లు లోపలికి దిగిపోయి లాక్ రింగు పట్టదు. కుడి చివర పొట్టిదైతే చైన్ వీల్ వెళ్లి ఫ్రేము గొట్టానికి రాసుకుంటుంది.

## నాలుగో దశ: బిగించడం

ఏ వరసలో బిగించాలి?

షెల్లు లోపల తుడిచి, మరకు పలచగా గ్రీజు రాసి, కుడి కప్పును ముందు చేత్తోనే ఎక్కించండి. వేళ్లతో సగానికి పైగా సాఫీగా ఎక్కకపోతే మర తప్పిందని అర్థం, వెనక్కి తీయండి. అంచు షెల్లుకు ఆనాక స్పానర్‌తో గట్టిగా బిగించండి. కప్పులో గ్రీజు నింపి పదకొండు బాల్సు అతికించండి. ఇరుసు పొడవాటి చివర కుడి పక్కకు వచ్చేలా ఎడమ నుంచి దూర్చండి. సైకిల్‌ను కుడి పక్కకు కాస్త వాల్చి పెట్టుకుంటే బాల్సు రాలవు. తరువాత ఎడమ కప్పులో పదకొండు బాల్సు పేర్చి, ఇరుసు మీదుగా తెచ్చి చేత్తో ఎక్కించి, చివర లాక్ రింగు వేయండి. కేజీ వాడేవాళ్లు బాల్సు బయటకు కనిపించే ముఖాన్ని కప్పు వైపు, రేకు వీపును ఫ్రేము మధ్య వైపు పెట్టాలి.

ఎడమ కప్పును ఎంత బిగించాలి?

ఇరుసు ఊగకూడదు, పట్టేయకూడదు. కప్పును బాల్సుకు ఆనేదాకా వేలితో తిప్పి, సుమారు ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తీసి, కప్పు కదలకుండా పిన్ను స్పానర్‌తో పట్టుకుని లాక్ రింగును కొక్కెం స్పానర్‌తో బిగించండి. లాక్ రింగు బిగుసుకునే క్రమంలో కప్పు కాస్త జరుగుతుంది కాబట్టి ఒక్కసారికే కుదరాలని ఆశించవద్దు. ఇరుసును వేళ్లతో తిప్పితే కరకర తగలకుండా నూనెలో తిరిగినట్టు తిరగాలి. అసలు పరీక్ష క్రాంకు వేశాకే. చైను తీసేసి, క్రాంకు చివర పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఇరుసు దగ్గర తెలియని వదులు అక్కడ తెలిసిపోతుంది.

రెండు క్రాంకులు ఒకే గీతలో లేవు. ఒకటి కాస్త వంకరగా కనిపిస్తోంది.

పిన్నులు రెండూ ఒకే దిక్కున దూర్చి ఉంటారు. క్రాంకులు నిలువుగా ఉన్నప్పుడు ఒక పిన్ను నట్టు ముందుకు చూస్తుంటే రెండోది వెనక్కి చూడాలి. పిన్ను ఏటవాలు ముఖం క్రాంకును ఇరుసు మీద కొద్దిగా ఒక వైపు తిప్పి కూర్చోబెడుతుంది కాబట్టి, దిక్కు మారితే ఆ కొద్దిపాటి తిరుగుడు రెండు పక్కలా కలిసి పెడల్ దగ్గర స్పష్టంగా కనిపించే వంకర అవుతుంది. పిన్నులు సరిగానే ఉన్నా వంకర పోకపోతే, వాటి ముఖాలు ఒకే కోణంలో లేవన్నమాట. ఎక్కువ ఎత్తున్న ముఖాన్ని ఆకురాయితో, చదును చెడకుండా, కొద్దికొద్దిగా రాసి మళ్లీ వేసి చూడండి.

పిన్నును నట్టుతో లాగి బిగిస్తే సరిపోదా, కొట్టడం ఎందుకు?

సరిపోదు. ఆ సన్నటి మరకు పిన్నును లాగి కూర్చోబెట్టేంత బలం లేదు, బలవంతం చేస్తే మర తెగుతుంది. క్రాంకు కింద ఇనుప గొట్టం ఆధారం పెట్టి సుత్తితో కొట్టి, లేదా కాటర్ ప్రెస్సుతో నొక్కి కూర్చోబెట్టాలి. నట్టు పని అది మళ్లీ వెనక్కి రాకుండా చూడటం మాత్రమే. కొన్ని కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి కొట్టి నట్టు బిగించండి, మొదటి తొక్కుడులో పిన్ను కచ్చితంగా కొంత సర్దుకుంటుంది.

## ఐదో దశ: తొక్కడం మొదలుపెట్టాక

తొక్కుతుంటే ప్రతి చుట్టుకూ టక్కుమంటోంది. బీబీ మళ్లీ విప్పాలా?

తొందరపడవద్దు. రెండు క్రాంకుల చివరలూ రెండు చేతులతో పట్టుకుని ఒకదానికి ఎదురుగా ఒకటి ఊపండి. ఒక క్రాంకు కదిలి రెండోది కదలకపోతే కాటర్ పిన్ను వదులైంది. రెండూ కలిసి పక్కకు ఊగితే కప్పు సర్దుబాటు వదులైంది. ఏదీ ఊగకపోతే పెడళ్లను, సీటు క్లిప్పును చూడండి. ఆ శబ్దాలు ఫ్రేము గుండా వచ్చి బీబీలో పుట్టినట్టే వినిపిస్తాయి. వదులైన పిన్నుతో తొక్కుతూ పోతే క్రాంకు రంధ్రం సాగి గుండ్రతనం పోతుంది.

గ్రీజు పెట్టాలా, నూనె వేయాలా?

విప్పి బిగించేటప్పుడు గ్రీజు. షెల్లు పైన చిన్న మూతతో నూనె రంధ్రం ఉన్న పాత ఫ్రేములకు, మధ్యమధ్య ఆ రంధ్రంలో కొన్ని చుక్కల మోటారు నూనె కూడా వేయవచ్చు. మూత పోయి ఉంటే దుమ్మూ నీళ్లూ అక్కడి నుంచే దిగుతాయి, ఏదో ఒకటి బిగించండి.

ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల), కార్తీక వానల్లో తొక్కిన ప్రతిసారీ విప్పాలా?

మామూలు వానకు అక్కరలేదు. ఫ్రేములో అన్నిటికన్నా కింద ఉండేది షెల్లే కాబట్టి సీటు గొట్టం గుండా దిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఈశాన్య రుతుపవనం ముగిశాక, అంటే డిసెంబరు దాటాక ఒకసారి విప్పి చూసుకుంటే చాలు. కానీ క్రాంకులు మునిగేంత వరద నీళ్లలో సైకిల్ నిలబడితే వేరే సంగతి. 2015 డిసెంబరు వరదల తరువాత బయటి నుంచి బాగానే కనిపించిన సైకిళ్ల షెల్లుల్లో బురద పేరుకుని ఉండేది. అలాంటప్పుడు నీళ్లు తగ్గిన వారంలోపే విప్పాలి. ఆగితే బాల్సు తుప్పుతో కప్పుకు అతుక్కుంటాయి.

ఇదంతా ఎందుకు, ఇరుసూ బేరింగులూ ఒకే మూసిన ముక్కగా వచ్చే సీల్డ్ కార్ట్రిడ్జ్ పెట్టించేస్తే పోదా?

24 చుట్ల బ్రిటిష్ మర, 68 మి.మీ. షెల్లు ఉంటే అది సులువే. ఆ మరకు సరిపోయే కార్ట్రిడ్జ్‌లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, వాటికి సర్దుబాటు అక్కరలేదు. కానీ మామూలు కార్ట్రిడ్జ్‌కు చదరపు ఇరుసు ఉంటుంది కాబట్టి కాటర్ క్రాంకులు దానికి పట్టవు. పాత సైకిళ్లలో చాలావాటికి చైన్ వీల్ కుడి క్రాంకుకే అతికి ఉంటుంది. అంటే క్రాంకుతో పాటు బీఎస్ఏ అక్షరాలు చెక్కిన చైన్ వీలో, రాలీ కొంగ తలల చైన్ వీలో కూడా పోతుంది. రోజూ ఆఫీసుకు తొక్కే సైకిల్ అయితే మార్చుకోండి, తీసిన భాగాలను నూనె గుడ్డలో చుట్టి దాచండి. ఆదివారం మాత్రమే బయటకు తీసే సైకిల్‌కు పాత కప్పులే చాలు.